కంటి సెమినార్లలో పాఠం చెప్పేవాళ్ల పేరు పక్కన ఉండే అక్షరాలను ఎలా చదవాలి?

మీరు బీఆప్టమ్ (ఆప్టోమెట్రీ, అంటే కంటి చూపు పరీక్షించే వృత్తికి సంబంధించిన డిగ్రీ) మూడో సంవత్సరంలో ఉన్నారు. వచ్చే నెల రెండు రోజుల సెమినార్‌కి వెళ్తున్నారు. బ్రోచర్‌లో నలుగురు వక్తలున్నారని రాశారు. అమెరికా నుంచి వచ్చే ఒకాయన పేరు పక్కన ఓడీ, ఎఫ్‌ఏఏఓ అని ఉంది, పొడి కళ్ల గురించి మాట్లాడతారు. ఇంకో డాక్టర్ గారికి ఎంఎస్, ఎఫ్‌ఆర్‌సీఎస్ గ్లాస్గో, ఎఫ్‌ఐసీఓ ఉన్నాయి, ఆయనది గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు మెల్లగా పోయే జబ్బు). మూడో ఆవిడ పీహెచ్‌డీ, పిల్లల్లో మయోపియా (దూరపు చూపు మసకబారడం) గురించి చెబుతారు. నాలుగో ఆయనకు డిప్లొమా ఒక్కటే, దాని పక్కన ‘28 ఏళ్ల అనుభవం’ అని రాశారు, పిల్లలకు రెటినోస్కోపీ (కంట్లోకి వెలుతురు వేసి పవర్ తెలుసుకునే పరీక్ష) ఎలా చేయాలో వర్క్‌షాప్ పెడుతున్నారు. చివరి ఇద్దరివీ ఒకే టైమ్‌లో రెండు హాళ్లలో ఉన్నాయి. ఈ అక్షరాలకు అర్థమేంటి, ఎవరిని వినాలి, మీరు కూడా రేపు పాఠాలు చెప్పాలంటే ఏ దారిన వెళ్లాలి అని అడిగారు.

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. 22 ఏళ్లుగా కంటి ఆసుపత్రిలో పేషంట్లను చూస్తున్నాను. అందులో 15 ఏళ్లుగా విద్యార్థులకు పాఠాలు కూడా చెబుతున్నాను. సెమినార్లకు వక్తలను పిలిచే కమిటీలో కూడా కొన్నాళ్లు ఉన్నాను. అందుకే ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాయాలనిపించింది.

ముందు అసలు విషయం. పేరు పక్కన ఉండే అక్షరాలు ఆ మనిషి ఎక్కడ ఎన్నేళ్లు గడిపారో చెబుతాయి. మీరు చూసుకోవాల్సింది ఆ ఏళ్లు గడిపిన చోటూ, ఆయన ఈరోజు చెప్పబోయే టాపిక్కూ ఒకదానికొకటి సరిపోతాయా లేదా అన్నది. చాలా పెద్ద చదువు చదివినాయన తను చేయని పని గురించి చెబితే మీకు దక్కేది తక్కువ. చిన్న చదువైనా రోజూ చేసే పని గురించి చెప్పేవారి దగ్గర ఒక్క గంటలో ఏడాదికి సరిపడా నేర్చుకోవచ్చు.

ఇప్పుడు అక్షరాల సంగతి. మన ఊళ్లలో కళ్లజోడు షాపులో చూపు చూసే ఆయనా, ఆపరేషన్ చేసే ఆయనా ఇద్దరూ ‘కళ్ల డాక్టరే’. పేషంటు అలా పిలిస్తే ఇబ్బందేమీ లేదు గానీ, మనం మాత్రం తేడా తెలుసుకోవాలి. ఆపరేషన్ చేసేవారు ముందు ఎంబీబీఎస్ చదువుతారు, అది నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. తర్వాత మూడేళ్లు ఎంఎస్ లేదా దానితో సమానమైన డీఎన్‌బీ. పాతతరం వాళ్లలో చాలామందికి డీఓ అనే రెండేళ్ల డిప్లొమా ఉండేది. డీఓ చూసి తక్కువ అంచనా వేయకండి. జిల్లా ఆసుపత్రుల్లో వేల శుక్లాల ఆపరేషన్లు చేసినవాళ్లలో డీఓలు ఎంతోమంది ఉన్నారు.

ఎంఎస్ తర్వాత వచ్చేది ఫెలోషిప్. కార్నియా (నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర), రెటీనా (కంటి వెనక తెర), గ్లకోమా, పిల్లల కళ్లూ మెల్లకన్నూ, కనురెప్పల సర్జరీ, ఇలా ఒక్కోదానికి ఏడాది నుంచి రెండేళ్లు. బయోలో (వక్త గురించి రాసే పరిచయంలో) అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సిన మాట ఇదే. ఒక పెద్ద సంస్థలో రెండేళ్లు పగలూ రాత్రీ ఉండి, వందల కేసులు చేతులతో చేసి తెచ్చుకున్నదీ ఫెలోషిప్పే. విదేశంలో రెండు వారాలు ఆపరేషన్ థియేటర్‌లో వెనక నిలబడి చూసి రావడాన్ని అబ్జర్వర్‌షిప్ అంటారు. బ్రోచర్‌లో రెండూ ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. ‘ఫలానా దేశంలో శిక్షణ’ అని మాత్రమే రాసి ఎన్ని నెలలో రాయకపోతే అడగండి. అడగడం తప్పు కాదు. నిజంగా చేసినవాళ్లు ఎక్కడ, ఎవరి దగ్గర, ఎన్ని నెలలు అన్నది సంతోషంగా చెబుతారు.

మీ బ్రోచర్‌లోని ఎఫ్‌ఆర్‌సీఎస్ గ్లాస్గో, ఎఫ్‌ఐసీఓ రెండూ ముఖ్యంగా పరీక్షలు. మొదటిది స్కాట్లాండ్‌లోని రాయల్ కాలేజీది, రెండోది ఇంటర్నేషనల్ కౌన్సిల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీది. ఇవి పాసవ్వాలంటే బాగా చదివి ఉండాలి, పుస్తక జ్ఞానం గట్టిగా ఉందని వాటిని బట్టి చెప్పొచ్చు. అంతే గానీ ఆయన గ్లాస్గోలో ఉండి పని నేర్చుకున్నారని దానర్థం కాదు. ఇది ఆయన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. గ్లకోమా పాఠానికి నేనైతే ఆ అక్షరాల తర్వాత వచ్చే లైన్ చూస్తాను. గ్లకోమా క్లినిక్‌లో ఎన్నేళ్లుగా కూర్చుంటున్నారు? గ్లకోమా అంటే ఒకే పేషంటును పదేళ్లు, పదిహేనేళ్లు చూడాల్సిన జబ్బు. ఈరోజు ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎంత వెడల్పున ఉందో చూసే పరీక్ష) బాగుందని చెప్పిన పేషంటు ఆరేళ్ల తర్వాత ఎలా ఉన్నాడో కళ్లారా చూసినవారే ‘ఎవరిని వెంటనే పంపాలి, ఎవరిని ఆరు నెలలు ఆగి చూడొచ్చు’ అనే మాట ధైర్యంగా చెప్పగలరు. మన ఆప్టోమెట్రిస్టులకు కావాల్సింది సరిగ్గా ఆ మాటే.

‘ప్రొఫెసర్’ అనే మాట కూడా అంతే. మెడికల్ కాలేజీల్లో దానికి లెక్క ఉంది. 2022 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీ తర్వాత ఏడాది సీనియర్ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ), అసోసియేట్ కావడానికి నాలుగేళ్లు, ప్రొఫెసర్‌కి ఇంకో మూడేళ్లు, వీటితో పాటు పరిశోధనా పత్రాలు, బోధనా పద్ధతుల మీద ఒక కోర్సు ఉండాలి. ప్రభుత్వ కాలేజీ ప్రొఫెసర్లకు ఉన్న ఒక బలాన్ని మనం సరిగ్గా గుర్తించం. హైదరాబాద్ సరోజినీదేవి ఆసుపత్రి లాంటి చోట ఓపీలో కూర్చున్నవారు ఒక్క ఏడాదిలో చూసే రకరకాల జబ్బులు, ముదిరిపోయి వచ్చిన కేసులు, ప్రైవేటు క్లినిక్‌లో పదేళ్లు కూర్చున్నా కనపడవు. పొలంలో కంట్లో వరి ఆకు గీసుకుని, వారం రోజులు ఏదో పసరు పోసుకుని వచ్చిన రైతు కన్ను ఎలా ఉంటుందో స్లయిడ్‌లో చూసినవాళ్లు వేరు, ఆ కన్ను కాపాడటానికి రాత్రంతా గంటకోసారి చుక్కలు వేయించినవాళ్లు వేరు.

ఇక మన దారి. మన దేశంలో ఆప్టోమెట్రీ డిగ్రీ చదువు గట్టిగా మొదలైంది 1985లో చెన్నైలో శంకర నేత్రాలయ వారి ఎలైట్ స్కూల్‌తో. బీఆప్టమ్ నాలుగేళ్లు, ఆపైన ఎంఆప్టమ్ రెండేళ్లు, తర్వాత కావాలంటే పీహెచ్‌డీ. చాలా ఏళ్లు మనకు చట్టబద్ధమైన గుర్తింపు లేక ఇబ్బంది పడ్డాం. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టంలో ఆప్టోమెట్రిస్టులను కూడా చేర్చారు. ఇది మీ తరానికి పెద్ద మేలు.

అమెరికా ఓడీ సంగతి వేరు. అక్కడ డిగ్రీ చదివాక ఇంకో నాలుగేళ్లు ఆప్టోమెట్రీ కాలేజీలో చదివితే డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ ఇస్తారు. అది ఎంబీబీఎస్ కాదు, పీహెచ్‌డీ కూడా కాదు, పేషంట్లను చూడటానికి ఇచ్చే డిగ్రీ. కొందరు ఆపైన ఏడాది రెసిడెన్సీ చేస్తారు. బయోలో రెసిడెన్సీ, దాంట్లో ఏ విభాగం అన్నది ఉంటే మంచి గుర్తు. ఎఫ్‌ఏఏఓ అంటే అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్టోమెట్రీ ఫెలో. దానికి కేసులు వివరంగా రాసివ్వాలి, ఎదురుగా కూర్చున్న పెద్దల ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. డబ్బు కడితే వచ్చే సభ్యత్వం కాదు. ఇక్కడ ఒక గందరగోళం ఉంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ అని సర్జన్ల సంస్థ ఇంకొకటి ఉంది. పేర్లు దగ్గరగా ఉండటంతో మన బ్రోచర్లలో ఒకదాని బదులు ఇంకోటి రాసేస్తుంటారు. కంటి వైద్యులకు అక్కడ బోర్డు సర్టిఫికెట్ (స్పెషాలిటీ పరీక్ష పాసయ్యారని ఇచ్చేది) పద్ధతి చాలా పాతది, 1916లోనే మొదలైంది. అమెరికాలో వైద్య స్పెషాలిటీల బోర్డులన్నిటిలో మొదటిది అదే.

పొడి కళ్ల టాపిక్‌కి ఓడీ సరిపోతారా అని మీకు సందేహం ఉన్నట్టుంది. బాగా సరిపోతారు. ఆ సబ్జెక్ట్ చరిత్రే దానికి సాక్ష్యం. బోస్టన్‌లో డోనల్డ్ కార్బ్ అని ఒక ఆప్టోమెట్రిస్ట్ ఉండేవారు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోలేక ఇబ్బంది పడుతున్న పేషంట్లను తన క్లినిక్‌లో చూస్తూ చూస్తూ, లోపం కన్నీటిలో కాదు, రెప్ప అంచున నూనె ఇచ్చే గ్రంథుల్లో ఉందని గమనించారు. 1980లో ఇంకొకరితో కలిసి దాన్ని రాశారు. ఈరోజు మనం మెయిబోమియన్ గ్లాండ్ డిస్‌ఫంక్షన్ అని రోజుకు పదిసార్లు అనే మాట అలా వాడుకలోకి వచ్చింది. ప్రాక్టీస్ చేసుకునే మనిషి ఒకే రకం ఫిర్యాదును ఏళ్ల తరబడి ఓపిగ్గా వింటే ఏం జరుగుతుందో చూడండి. 2017లో పొడి కళ్ల మీద వచ్చిన అంతర్జాతీయ నివేదికకు పనిచేసిన 150 మంది దాకా నిపుణుల్లో సర్జన్లు, ఆప్టోమెట్రిస్టులు, శాస్త్రవేత్తలు అందరూ ఉన్నారు. అందుకని ఆయన లెక్చర్‌లో రెప్ప అంచును నొక్కి చూడటం, కన్నీటి పొర ఎంతసేపట్లో పగులుతుందో లెక్కపెట్టడం లాంటి వాటికి దగ్గరగా కూర్చుని నోట్స్ రాసుకోండి. వాళ్ల దేశంలో ఖరీదైన మెషీన్ల గురించి చెప్పే భాగాన్ని మాత్రం మన పేషంటు జేబును గుర్తుపెట్టుకుని వినండి.

కొన్ని జీవితాలు చెబితే ఈ విషయం బాగా అర్థమవుతుంది. మొదట మన గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు. గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, ఢిల్లీ ఎయిమ్స్‌లో పీజీ. 1974లో అమెరికా వెళ్లి బోస్టన్ టఫ్ట్స్‌లో, తర్వాత రాచెస్టర్‌లో శిక్షణ పొంది, రాచెస్టర్ విశ్వవిద్యాలయంలోనే కార్నియా నిపుణుడిగా పాఠాలు చెప్పారు. అక్కడ అన్నీ కుదిరాక హైదరాబాద్ వచ్చేశారు. సినిమా నిర్మాత, దర్శకుడు ఎల్.వి.ప్రసాద్ గారు ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చారు. 1987లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి తలుపులు తెరిచింది. ఇదంతా చాలామందికి తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది తర్వాతి భాగం. కార్నియా మార్పిడి గురించి ఆయన ప్రపంచంలో ఎక్కడైనా మాట్లాడగలరు. కానీ ఆయన మాటకు పల్లె కంటి వైద్యం విషయంలో బరువు ఎలా వచ్చింది? 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో సెకండరీ సెంటర్ (ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి) పెట్టి, తర్వాత ఊళ్లలో విజన్ సెంటర్లు (చూపు పరీక్షించే చిన్న కేంద్రాలు) పెట్టించి, ఇంటర్ చదివిన పిల్లలకు శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టాక వచ్చింది. సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, ఐదు లక్షలకు ఒక సెకండరీ సెంటర్ అని ఆయన చెప్పే లెక్క కాగితం మీద పుట్టింది కాదు, నడిపి చూసినది. రాచెస్టర్‌లో ఉన్న రోజుల్లో ఈ పాఠం ఆయన కూడా చెప్పగలిగేవారు కాదు.

మదురైలో అరవింద్ ఆసుపత్రి పెట్టిన గోవిందప్ప వెంకటస్వామి గారిది ఇంకో కథ. 1944లో చెన్నై స్టాన్లీలో వైద్యం చదివి సైన్యంలో చేరారు. కీళ్లవాతం వచ్చి వేళ్లు వంకర్లు పోయాయి. ప్రసూతి వైద్యుడు కావాలనుకున్న ఆయన ఆ చేతులతో అది కుదరదని కంటి వైద్యం వైపు వచ్చారు. ఆ వేళ్లకు సరిపోయేలా పరికరాలు చేయించుకుని కత్తి పట్టడం మళ్లీ నేర్చుకున్నారు. మదురై మెడికల్ కాలేజీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, రిటైరయ్యాక, 1976లో 11 పడకలతో అరవింద్ మొదలుపెట్టారు. జీవితంలో లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. చేతులు సహకరించని మనిషి ఒక్కో కదలికను విడదీసి, ఎక్కడ ఎంత ఒత్తిడి పెట్టాలో ఆలోచించి మరీ నేర్చుకోవాల్సి వస్తుంది. అలా నేర్చుకున్నవారికే దాన్ని ఇంకొకరికి ముక్కలు ముక్కలుగా నేర్పడం వస్తుందని నా నమ్మకం. పల్లెల్లోని ఆడపిల్లలను తీసుకొచ్చి చూపు పరీక్ష నుంచి థియేటర్ పని దాకా నేర్పించే పద్ధతి అరవింద్‌లో అంత గట్టిగా నిలబడటానికి ఇది కూడా ఒక కారణమనుకుంటాను.

డాక్టరే కాని కంటి గురువులు కూడా ఉన్నారు. డి.బాలసుబ్రమణియన్ గారు రసాయన శాస్త్రవేత్త. కొలంబియాలో పీహెచ్‌డీ చేసి, ఐఐటీ కాన్పూర్‌లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి, జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీకి డైరెక్టర్‌గా చేసి, ఆ తర్వాత ఎల్‌వీ ప్రసాద్ సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహించారు. కంటి లెన్స్‌లోని ప్రోటీన్లు ఎందుకు మసకబారతాయి అన్న ప్రశ్నకు ఆయన దగ్గర దొరికే జవాబు వెయ్యి శుక్లాలు తీసిన సర్జన్ దగ్గర దొరకదు. ఆ శుక్లాన్ని ఎలా తీయాలన్నది మాత్రం సర్జన్‌నే అడగాలి. ఎవరిని ఏం అడగాలో తెలిస్తే సెమినార్ సగం గెలిచినట్టే.

మన వృత్తిలోంచి వచ్చిన పెద్దమనిషిని కూడా చెప్పాలి. ఆస్ట్రేలియా ఆప్టోమెట్రిస్ట్ బ్రియెన్ హోల్డెన్. లండన్‌లో పీహెచ్‌డీ చేసి సిడ్నీలో కాంటాక్ట్ లెన్స్ పరిశోధనా కేంద్రం పెట్టారు. రాత్రిపూట లెన్స్ పెట్టుకుంటే కార్నియాకు ఆక్సిజన్ ఎంత తగ్గుతుందో కొలిచి చూపారు. కంటికి ఆక్సిజన్ ఎక్కువ అందనిచ్చే ఇప్పటి సిలికోన్ హైడ్రోజెల్ లెన్సుల వెనక ఆయన బృందం పని ఉంది. కాంటాక్ట్ లెన్స్ పాఠం చెప్పేవాళ్లకే పాఠం నేర్పే ఐయాక్లీ అనే సంఘం 1979లో మొదలైనప్పుడు దాని వెనక ఉన్నవారిలో ఆయనా ఒకరు. హైదరాబాద్‌తో ఆయనకు దగ్గర సంబంధం. ఎల్‌వీ ప్రసాద్ సంస్థలోని ఆప్టోమెట్రీ విద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. ఆయన 2015లో పోయారు. ఆప్టోమెట్రిస్ట్ అంటే పవర్ రాసిచ్చేవాడు మాత్రమే అని ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది ఆయనే.

ఇప్పుడు డబ్బు విషయం. దీన్ని నేను దాటవేయలేను, ఎందుకంటే దీనివల్ల ఒక అమ్మాయి కన్ను దెబ్బతింది. నేను కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక కాంటాక్ట్ లెన్స్ సెమినార్‌కి వెళ్లాను. చెప్పినాయన చాలా బాగా చెప్పారు. ఫలానా మెటీరియల్ లెన్స్ తీయకుండా రాత్రీ పగలూ పెట్టుకోవచ్చు, ఏమీ కాదు అన్నట్టుగా చెప్పారు. ఆయన ఒక కంపెనీలో పనిచేస్తారని నాకు తెలుసు. కానీ కాలేజీ వదిలాక ఆయన కాంటాక్ట్ లెన్స్ పేషంట్లను నెలల తరబడి వెంబడించి చూసిన మనిషి కాదన్నది నేను తెలుసుకోలేదు. అడగలేదు కూడా. నా పేషంటు, హాస్టల్‌లో ఉండే ఇంజనీరింగ్ విద్యార్థిని, పరీక్షల టైమ్‌లో రాత్రి లెన్స్ తీయడం ఇబ్బందిగా ఉందంటే, ఆ మాటలు నమ్మి సరే అన్నాను. మూడు వారాల్లో కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పితో వచ్చింది. కార్నియా మీద తెల్ల మచ్చ. ఇన్ఫెక్షన్. చికిత్సతో తగ్గింది గానీ చిన్న మచ్చ ఉండిపోయింది. లెన్స్ పెట్టుకుని నిద్రపోతే ఇన్ఫెక్షన్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందన్నది అప్పటికే పుస్తకాల్లో ఉన్న విషయం. హాస్టల్ కుళాయి నీళ్లు, దుమ్ము, ఎండ, ఇవి కలిస్తే ఇంకా ఎక్కువ. కార్నియా క్లినిక్‌లో కూర్చునే ఏ డాక్టర్‌ని అడిగినా చెప్పేవారు. తప్పు నాదే. కానీ అప్పటినుంచి వక్త ఎవరైనా సరే, ఆయన జీతం ఎక్కడినుంచి వస్తుందో, ఆయన చెప్పేది ఆయన సొంత పేషంట్లలో చూసిందా కాదా తెలుసుకోకుండా నేను నా పేషంటుకు అమలు చేయలేదు.

కంపెనీ మనిషి చెబితే వినొద్దని కాదు. లెన్స్ ఎలా ఫిట్ చేయాలి, ట్రయల్ సెట్ ఎలా వాడాలి, అంచు ఎలా కదులుతుందో ఎలా గమనించాలి, ఇవి వాళ్లంత బాగా చెప్పేవాళ్లు తక్కువ. ఆ భాగం శ్రద్ధగా నేర్చుకోండి. భద్రత గురించీ, ‘వేరేవాటికంటే ఇది మంచిది’ అనే పోలిక గురించీ మాత్రం ఇంకో చోట సరిచూసుకోండి. అమెరికాలో ఆప్టోమెట్రిస్టుల నిరంతర విద్యను గుర్తించే కోప్ అనే వ్యవస్థలో వక్త తనకు ఏ కంపెనీతో డబ్బు సంబంధం ఉందో ముందే చెప్పాలి. అక్కడ కంపెనీలు డాక్టర్లకు ఇచ్చిన డబ్బు వివరాలు 2014 నుంచి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఓడీల పేర్లు కూడా అందులో ఉంటాయి. మీ మొదటి వక్త గురించి ఐదు నిమిషాల్లో వెతకొచ్చు. డబ్బు తీసుకున్నట్టు కనపడితే ఆయన అబద్ధం చెబుతారని కాదు, ఏ మాట దగ్గర మీరు ఒక క్షణం ఆగి ఆలోచించాలో తెలుస్తుంది. మన డాక్టర్ల విషయంలో అయితే మెడికల్ రిజిస్టర్‌లో పేరు, క్వాలిఫికేషన్ చూసుకోవచ్చు. పరిశోధన ఎంత చేశారన్నది పబ్‌మెడ్ అనే వైద్య పత్రాల వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ 1953 నుంచి వస్తోంది. అందులో ఆయన ఆ టాపిక్ మీద ఏమైనా రాశారా చూడండి. పత్రాల సంఖ్య చూసి మోసపోకండి. గ్లకోమా గురించి ఒక్క మంచి పత్రం ఉంటే చాలు, సంబంధం లేనివి నలభై ఉన్నా ఆరోజు మీకు పనికిరావు.

పీహెచ్‌డీ ఆవిడ సంగతికి వస్తాను. మయోపియా రంగంలో ప్రయోగశాల మనుషుల పాత్ర చాలా పెద్దది. హ్యూస్టన్‌లో ఎర్ల్ స్మిత్ అనే ఆయన ఓడీ, పీహెచ్‌డీ రెండూ చేసినవారు. కోతి పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో చూపు మధ్యలో కాకుండా అంచుల్లో పడే మసక కూడా కంటి గుడ్డు పొడవును మారుస్తుందని చూపించారు. ఈరోజు పిల్లలకు ఇస్తున్న ప్రత్యేక అద్దాల డిజైన్ల వెనక ఆ ఆలోచనే ఉంది. మయోపియా పెరగకుండా వేసే చుక్కల మందు సంగతి తీసుకుంటే, తక్కువ మోతాదు అట్రోపిన్ మీద సింగపూర్ అధ్యయనం 2012లో వచ్చింది. ఆ తర్వాత హాంకాంగ్ అధ్యయనం 0.01 శాతం కంటే 0.05 శాతం బాగా పనిచేసిందని చూపింది. ఈ అంకెలను ఎలా చదవాలి, రెండేళ్ల ఫలితాన్ని పదేళ్లకు సాగదీయొచ్చా అన్నవి పీహెచ్‌డీ చేసినవారు బాగా చెబుతారు. ఈ వక్తకు క్లినిక్ కూడా ఉందా చూడండి. ఉంటే ఇంకా మంచిది. లేకపోతే ‘మా అమ్మాయికి చుక్కలు ఎన్నేళ్లు వేయాలి, మానేస్తే మళ్లీ పెరుగుతుందా’ అని అడిగే తల్లికి ఏం చెప్పాలో ఇంకొకరి దగ్గర నేర్చుకోవాలి.

నాలుగో ఆయన గురించి అడుగుతూ ‘పెద్ద క్వాలిఫికేషన్ ఏమీ లేదు కదా, వదిలేద్దామనుకుంటున్నా’ అని రాశారు. దయచేసి వదలకండి. ఆ డిప్లొమా బహుశా ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ కోర్సు, రెండేళ్లది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కంటి పరీక్షలు చేసే పారామెడికల్ ఆఫ్తాల్మిక్ ఆఫీసర్లు ఆ దారినే వస్తారు. వీళ్లు ఏం చేస్తారో మనవాళ్లు చాలామంది చూడలేదు. బడికి వెళ్లి, చీకటి చేయడానికి కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక్క రోజులో వందల మంది పిల్లల కళ్లు చూడాలి. తెలంగాణలో 2018లో కంటి వెలుగు మొదలైనప్పుడు, ఆంధ్రాలో మరుసటి ఏడాది బడిపిల్లలతో మొదలుపెట్టినప్పుడు అంత మంది జనాన్ని చూడటంలో ఈ ఉద్యోగుల చేతులే ముందున్నాయి. నాకు రెటినోస్కోపీ నిజంగా నేర్పింది అలాంటి ఒక ఆఫీసర్ గారే. కాలేజీలో సిద్ధాంతం చదివాను, మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఏడుస్తున్న మూడేళ్ల పిల్లాడి కంట్లో ఆ వెలుతురు గీత ఎటు కదులుతోందో అర్థం అయ్యేది కాదు. ఆయన పిల్లాణ్ని తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, తన ఎడమ చేత్తో కాకి బొమ్మ ఆడిస్తూ, కుడిచేత్తో రెటినోస్కోప్ పట్టుకుని అరనిమిషంలో చూసేవారు. ‘ముందు పిల్లాడి ఊపిరి చూడమ్మా, ఊపిరి నెమ్మదిస్తే చూపు నిలుస్తుంది, అప్పుడు గీత చూడు’ అనేవారు. ఆ మాట ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. ఈరోజుకీ నా విద్యార్థులకు మొదటి రోజు అదే చెబుతాను.

మీరు పాఠం చెప్పేవాళ్లు కావాలంటే ఏం చేయాలి అన్నదానికి నా సలహా. బీఆప్టమ్ అవగానే ఎంఆప్టమ్‌లో చేరిపోకుండా కనీసం రెండేళ్లు పేషంట్లు బాగా వచ్చే ఆసుపత్రిలో పనిచేయండి. కార్నియా, రెటీనా, గ్లకోమా, పిల్లల క్లినిక్ అన్నీ ఉన్న చోటైతే మంచిది, సర్జన్లు కేసు గురించి ఎలా ఆలోచిస్తారో చెవిన పడుతుంది. తర్వాత ఎంఆప్టమ్. ఆ రెండేళ్లలో మీకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒకటి దొరికితే అప్పుడు పీహెచ్‌డీ గురించి ఆలోచించండి. ప్రశ్న లేకుండా పీహెచ్‌డీలో చేరితే ఐదేళ్లు చాలా టెన్షన్‌గా గడుస్తాయి, అలా మధ్యలో మానేసినవాళ్లను చూశాను. కాంటాక్ట్ లెన్స్ ఇష్టమైతే ఐయాక్లీ పరీక్ష రాయండి. పాఠం చెప్పడానికి సిద్ధమయ్యేవాళ్లకు అది బాగా ఉపయోగపడుతుంది. వీటన్నిటికంటే ముందు ఇప్పటినుంచే చేయగలిగింది ఒకటుంది. మీ క్లినిక్ పోస్టింగ్‌లో చూసిన ప్రతి ఆసక్తికరమైన కేసునూ ఒక పుస్తకంలో రాసుకోండి. ఏం అనుకున్నారు, ఏం తేలింది, ఎక్కడ పొరబడ్డారు, ఆరు నెలల తర్వాత ఆ పేషంటు ఎలా ఉన్నారు. నా దగ్గర అలాంటివి పదకొండు పుస్తకాలున్నాయి. నా పాఠాలన్నీ వాటిలోంచే వస్తాయి. చత్వారం అంటే ఏంటో, దూరానికీ దగ్గరికీ ఒకే అద్దమైన ప్రోగ్రెసివ్ లెన్స్‌లో పక్కలు ఎందుకు అలలుగా కనపడతాయో ఒక రైతుకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పడం కూడా ఇప్పుడే అలవాటు చేసుకోండి. అది చెప్పగలిగితే క్లాసులో ఏదైనా చెప్పగలరు.

సెమినార్‌లో ప్రశ్నలకు టైమ్ ఇచ్చినప్పుడు ఎవరిని అడగాలన్నా నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ‘సార్, ఈ పద్ధతి పనిచేయని పేషంట్లు మీకు ఎలాంటివాళ్లు వచ్చారు, అప్పుడు ఏం చేశారు?’ ఆ పని నిజంగా చేస్తున్నవారు వెంటనే ఒక పేషంటును గుర్తుచేసుకుని చెప్పడం మొదలుపెడతారు. ఆ జవాబు ఒక్కోసారి గంట లెక్చర్ కంటే విలువైనది.

ఇక మీ రెండు హాళ్ల సమస్య. మయోపియా ఆవిడ స్లయిడ్లు తర్వాత అడిగితే సాధారణంగా ఇస్తారు, ఆవిడ పత్రాలు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. ముందురోజు సాయంత్రం టీ టైమ్‌లో పరిచయం చేసుకుని మీ ప్రశ్న అడిగేయండి. వర్క్‌షాప్ మాత్రం చేతులతో చేస్తేనే వస్తుంది, దానికి స్లయిడ్లు ఉండవు. కాబట్టి ఆ గంట నాలుగో ఆయన హాల్‌కి వెళ్లండి. మీ సొంత రెటినోస్కోప్ తీసుకెళ్లండి, బల్బు, బ్యాటరీ ముందురోజే చూసుకోండి. ఇలాంటి వర్క్‌షాపుల్లో పరికరాలు తక్కువ, మనుషులు ఎక్కువ. పావుగంట ముందే వెళ్లి ముందు వరుసలో, ఆయన కుడిచేయి కనపడే వైపు కూర్చోండి.